పిడి కుదిరితేనే పిస్టల్

“సార్, మా అమ్మాయికి ఏ పిస్టల్ కొనమంటారు?”

షూటింగ్ రేంజ్‌లో కోచ్‌లు తరచూ వినే ప్రశ్న ఇది. అడిగే తండ్రి చేతిలో ఫోన్ ఉంటుంది. అందులో అప్పటికే మూడు నాలుగు ఫొటోలు సిద్ధం. ఒకటి ఒలింపిక్స్‌లో పతకం గెలిచినామె వాడింది, ఒకటి పక్క లేన్‌లో కుర్రాడిది, ఇంకొకటి డీలర్ ‘ఈ ధర ఈ వారమే’ అంటూ పంపింది. అనుభవమున్న కోచ్ అయితే ఆ ఫోన్ వైపు చూడడు. “ఇప్పుడే ఏదీ కొనకండి. కొన్నాళ్లు రేంజ్‌లో ఉన్నదానితో కాల్చనివ్వండి. ఈలోగా అమ్మాయి చెయ్యి ఏం అడుగుతోందో నాకు తెలుస్తుంది” అంటాడు. ఆ మాట చాలామందికి రుచించదు. లక్షన్నర, రెండు లక్షలు పెట్టడానికి సిద్ధపడి వచ్చినవాణ్ని ఆగమంటే ఎవరికైనా చిరాకే.

కానీ ఆ కోచ్ చెప్పిందాంట్లోనే అసలు విషయమంతా ఉంది. టార్గెట్ పిస్టల్‌ను బ్రాండ్ చూసి కొనరు, చెయ్యి చూసి కొంటారు.

ఇప్పుడీ ప్రశ్న ఇంతమంది అడగడానికి కారణాలు కనబడుతూనే ఉన్నాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో కాంస్యం గెలిచి, రెండు రోజుల తేడాతో సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో ఇంకొకటి తెచ్చింది. మనకైతే అంతకుముందే మన ఊరి పేరు ఒకటి దొరికింది. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018 జాతీయ పోటీల్లో 13 ఏళ్ల వయసులోనే సీనియర్ విభాగం ఎయిర్ పిస్టల్ బంగారు పతకం పట్టుకుపోయింది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు సాధించింది. గచ్చిబౌలి దగ్గర సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలోని రేంజ్‌కు పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులు ఆమె పేరు చెప్పకుండా మాట మొదలుపెట్టరు. అంతకుముందు తరానికి గగన్ నారంగ్ ఉన్నాడు. ఆయనది రైఫిల్, 2012 లండన్‌లో కాంస్యం. ‘మన ఊళ్లోనూ ఇది సాధ్యమే’ అన్న నమ్మకానికి పునాది మాత్రం ఆయనే వేశాడు.

సినిమా తుపాకీ కాదు

పిస్టల్ అనగానే మనకు హీరో రెండు చేతులతో పట్టుకుని గుమ్మం వెనక నక్కే దృశ్యం మెదులుతుంది. రేంజ్‌లో కనిపించేది దానికి పూర్తిగా భిన్నం. ఒక్క చెయ్యే చాచాలి. రెండో చెయ్యి ప్యాంటు జేబులోనో, బెల్టు దగ్గరో ఉంటుంది. ఆయుధం కూడా చూడ్డానికి వింతగానే ఉంటుంది: అరచేతి ఆకారంలో చెక్కిన వాల్‌నట్ కర్ర పిడి, సన్నటి బ్యారెల్, దాని కింద గాలి సిలిండర్. పేలే మందుండదు. సుమారు 200 బార్ ఒత్తిడితో నింపిన గాలి, అర గ్రాము బరువుండే సీసపు పెల్లెట్‌ను ముందుకు తోస్తుంది. పెల్లెట్ ముక్కు బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి కాగితం మీద గుండ్రటి రంధ్రం చక్కగా తెగుతుంది.

చట్టం విషయం కూడా ఇక్కడే చెప్పుకుంటే మంచిది, ఎక్కువమంది భయపడేది దానికే. ఆయుధాల నియమాలు, 2016 ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరుకు, 20 జౌళ్ల శక్తికి మించని ఎయిర్ పిస్టల్‌కు ఆయుధ లైసెన్స్ అక్కర్లేదు. పోటీ పిస్టల్ శక్తి అందులో సగం కూడా ఉండదు. లైసెన్స్ అక్కర్లేదన్నంత మాత్రాన అది బొమ్మ కాదు. దగ్గర నుంచి తగిలితే కన్ను పోతుంది. ఇంటి వరండాలో అట్టపెట్టె పెట్టి కాల్చుకుందాం అనుకునేవాళ్లకు పిస్టల్ అమ్మకపోవడమే మేలని నా అభిప్రాయం. రేంజ్‌లో కాల్చనప్పుడు బ్యారెల్ లోంచి రంగు తాడు బయటికి కనబడేలా ఉంచాలని నిబంధన ఉంది. లోపల పెల్లెట్ లేదని పక్కవాళ్లకు దూరం నుంచే తెలియడానికి. ఆ అలవాటు పడ్డాకే మిగతావి.

ఒక మిల్లీమీటరు ఏం చేస్తుంది

పిస్టల్ ఎంపికలో దేనికి ఎంత విలువివ్వాలో తెలియాలంటే ఒక చిన్న లెక్క వెయ్యాలి.

10 మీటర్ల టార్గెట్‌లో పదో వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. తర్వాత ఒక్కో వలయం 8 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. పెల్లెట్ అంచు వలయం గీతను తాకినా ఎక్కువ పాయింటే ఇస్తారు. అంటే రంధ్రం నడిబొడ్డు టార్గెట్ కేంద్రానికి 8 మిల్లీమీటర్లలోపు పడితే పది వచ్చినట్టే.

చాచిన చెయ్యి మొత్తంగా 5 మిల్లీమీటర్లు పక్కకు ఊగిందనుకుందాం. పిస్టల్ కోణం మారలేదు, చెయ్యీ పిస్టలూ కలిసి అంతే జరిగాయి. రంధ్రం కూడా 5 మిల్లీమీటర్లే జరుగుతుంది. పది పోదు. ఇప్పుడు చెయ్యి రాయిలా నిలబడింది గానీ, ట్రిగ్గర్ నొక్కేటప్పుడు వేలు చేసిన పనికి, గురి చూసే ఫ్రంట్ సైట్ కొస వెనకున్న బ్యాక్ సైట్ గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకు తప్పిందనుకోండి. రెండు సైట్‌ల మధ్య దూరం దాదాపు 32 సెంటీమీటర్లు. టార్గెట్ దూరం 10 మీటర్లు. ఆ ఒక్క మిల్లీమీటరు అక్కడికి చేరేసరికి 31 మిల్లీమీటర్లవుతుంది. పది కావాల్సింది ఏడు అవుతుంది.

కొత్తవాళ్లు చెయ్యి వణుకుతోందని బాధపడతారు. వణుకు అందరికీ ఉంటుంది, ఒలింపిక్ చాంపియన్‌కూ ఉంటుంది. పాయింట్లు పోయేది చాలావరకు వణుకు వల్ల కాదు, ట్రిగ్గర్ విడిపోయే ఆ క్షణంలో మణికట్టు, వేలు చేసే పొరపాటు వల్ల. కాబట్టి మంచి పిస్టల్ అంటే సైట్‌లను వాటంతటవే ఒక వరసలోకి తెచ్చిపెట్టే పిడి, ఆ వరసను చెడగొట్టకుండా విడిపోయే ట్రిగ్గర్ ఉన్నది. మిగతావన్నీ వీటి తర్వాతే.

పిడి: ఇక్కడే సగం తేలిపోతుంది

కొట్లో చెప్పులు తొడుక్కుని నాలుగడుగులు వెయ్యకుండా కొనం. రెండు లక్షల పిస్టల్‌ను మాత్రం వీడియో చూసి ఆర్డర్ పెట్టేస్తాం. పిడి సైజులు చిన్నవి, మధ్యరకం, పెద్దవి అని దొరుకుతాయి. కుడిచేతికి, ఎడమచేతికి వేర్వేరు. మన పిల్లల్లో, ముఖ్యంగా పన్నెండు పదమూడేళ్ల అమ్మాయిల్లో, మధ్యరకం పిడి చాలామందికి లావవుతుంది. “ఎదుగుతుందిగా, సరిపోతుంది” అని పెద్దది కొనిపెట్టే అలవాటు స్కూలు యూనిఫాం వరకు బాగానే ఉంటుంది. ఇక్కడ పనికిరాదు. వదులు పిడిని బిగించి పట్టుకోవడానికి పిల్ల వేళ్లు నేర్చుకున్న తప్పు, చెయ్యి ఎదిగాక కూడా పోదు.

సరిపోయిందా లేదా తేల్చే పద్ధతి చాలా సులువు. పిస్టల్‌ను పట్టుకుని, కళ్లు మూసుకుని, చెయ్యి చాచి టార్గెట్ వైపు ఎత్తాలి. ఊపిరి సగం వదిలి కళ్లు తెరవాలి. ఫ్రంట్ సైట్ బ్యాక్ సైట్ గాడి మధ్యలో, పైఅంచులు సమంగా కనబడితే పిడి ఆ చేతిదే. ప్రతిసారీ కొస ఎడమకో కుడికో, కిందకో పైకో కనబడి, మణికట్టును తిప్పి సరిచెయ్యాల్సి వస్తే ఆ పిడి కుదరలేదు. మణికట్టుతో సరిచేసుకోవడం అలవాటైతే, అరవై షాట్ల పోటీలో నలభై తర్వాత మణికట్టు అలిసిపోయి ఆ సవరింపు ఆగిపోతుంది. స్కోరు కిందకు జారేది సరిగ్గా అప్పుడే.

ఇంకో రెండు చూడాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చీలిక పిడి పైభాగానికి సందు లేకుండా ఆనాలి. చూపుడువేలు మాత్రం కర్రకు ఎక్కడా తగలకూడదు. తగిలితే ట్రిగ్గర్‌తోపాటు పిడినీ నెడుతుంది. చేతి కింద ఆనే చెక్క పలకను పైకీ కిందకీ జరపొచ్చు. దాన్ని బిగదీసి చేతిని ఇరికించేవాళ్లు ఎక్కువ. కాస్త వదులుగా, అరచేతి అంచు ఆనీ ఆననట్టు ఉంచితే చాలు. పిడి మణికట్టును చుట్టుముట్టకూడదని, మణికట్టు స్వేచ్ఛగా కదలాలని అంతర్జాతీయ నిబంధన కూడా ఉంది.

దుకాణం నుంచి వచ్చిన పిడి వందకు వంద శాతం కుదిరేది అరుదు. ఆకురాయి, గరుకు కాగితం, కర్రకు పూసే పుట్టీ ప్రతి సీరియస్ షూటర్ పెట్టెలో ఉంటాయి. ఎక్కడ నొప్పి పుడితే అక్కడ రుద్దుతారు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పుట్టీ నింపుతారు. రెండు లక్షల వస్తువును ఆకురాయితో గీకడానికి మొదట గుండె ఒప్పుకోదు, నిజమే. చేతి కొలతలు పంపితే పిడి మాత్రమే చేసిచ్చే రింక్ లాంటి సంస్థలు జర్మనీలో ఉన్నాయి. స్విట్జర్లాండ్ మొరీని అయితే మొదట పేరు తెచ్చుకుందే పిళ్లతో.

ఎడమచేతివాటం పిల్లలున్న ఇంట్లో ఇంకో తగువుంటుంది. కుడిచేతికి మారుద్దామా అని. మార్చక్కర్లేదు. హంగరీ సైనికుడు కారోయ్ టకాచ్ 1938లో గ్రెనేడ్ పేలి కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. ఎడమచేత్తో మళ్లీ మొదటినుంచి నేర్చుకుని 1948, 1952 ఒలింపిక్స్‌లో ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ స్వర్ణాలు గెలిచాడు. అంతకన్నా ముందు చూడాల్సింది ఏ కన్ను బలమైందన్నది. రెండు అరచేతులూ ముందుకు చాచి మధ్యలో చిన్న సందు చేసి, అందులోంచి దూరాన ఉన్న గడియారాన్ని చూసి, ఒక్కో కన్ను మూసి చూడండి. ఏ కంటికి గడియారం కదలకుండా కనబడితే అదే ఏలే కన్ను. కుడిచేతివాటం, ఎడమకన్ను ఏలిక అయిన పిల్లలు కొందరుంటారు. వాళ్లకు పక్కకు జరిపే సైట్‌లనో, తల తిప్పే పద్ధతినో కోచ్ ఆలోచిస్తాడు. పిస్టల్ కొన్నాక తెలిస్తే ఖర్చు.

అయిదొందల గ్రాములు

ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ 500 గ్రాములకు తగ్గకూడదు. పోటీకి ముందు పరికరాల తనిఖీలో బ్యారెల్‌ను నిటారుగా నిలిపి, ట్రిగ్గర్‌కు 500 గ్రాముల బరువు తగిలించి ఎత్తుతారు. విడిపోకుండా ఎత్తితే పాస్. పిస్టల్ బరువు 1,500 గ్రాములు దాటకూడదు, మొత్తం పిస్టల్ 42 సెంటీమీటర్ల పొడవు, 20 ఎత్తు, 5 వెడల్పు ఉన్న పెట్టెలో పట్టాలి. మంచి పిస్టళ్లన్నీ ఈ హద్దుల లోపలే తయారవుతాయి గనక, కొనేవాళ్లు వీటి గురించి బెంగపడక్కర్లేదు.

బెంగపడాల్సింది ఆ 500 గ్రాములను ఎలా పంచారన్న దాని గురించి. ట్రిగ్గర్‌కు రెండు దశలుంటాయి. మొదటి దశలో వేలు కొంత దూరం వెనక్కి వచ్చి ఒకచోట ఆగుతుంది. రెండో దశలో కొద్దిపాటి అదనపు ఒత్తిడికి విడిపోతుంది. మొదటి దశలో ఎక్కువ బరువుంచి, రెండో దశకు కొంచెమే మిగిల్చితే వదలడం సులువు. కొత్తవాళ్లకు మాత్రం అది ప్రమాదం, అనుకోకుండా జారిపోతుంది. వాళ్లకు రెండో దశ కాస్త గట్టిగా, స్పష్టంగా తెలిసేలా పెట్టడం మంచిది. ఈ సర్దుబాట్లన్నీ చిన్న స్క్రూలతో ఉంటాయి. మొదటి ఏడాది ఆ స్క్రూలు కోచ్ చేతిలోనే ఉండాలి. ఇంటర్నెట్ చూసి తిప్పుకున్న ట్రిగ్గర్‌ను మళ్లీ దారికి తేవడానికి కోచ్‌లు పడే పాట్లు వాళ్లనడిగితే చెబుతారు.

ఎలక్ట్రానిక్ ట్రిగ్గరా, మెకానికలా అన్నది షూటర్ల మధ్య తెగని చర్చ. ఎలక్ట్రానిక్‌లో ప్రతిసారీ ఒకే తీరుగా విడిపోతుంది, పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ సాధన చెయ్యడం చాలా తేలిక. మెకానికల్‌కు బ్యాటరీ బాధ లేదు, చిన్న రిపేర్లు ఇక్కడే జరుగుతాయి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫికేషన్‌లో మను భాకర్ పిస్టల్ నడిమధ్యలో మొరాయించింది. అది సరిచేసుకుని వచ్చేసరికి విలువైన నిమిషాలు పోయాయి. 575 పాయింట్లతో 12వ స్థానంలో నిలిచి ఫైనల్ తప్పిపోయింది. 60 షాట్లకు ఉండేది 75 నిమిషాలే. దాన్నుంచి ఫలానా రకం మంచిది కాదని తేల్చేయడం తొందరపాటు. యంత్రమన్నాక ఏదైనా ఆగుతుంది. ఏ పిస్టల్ కొన్నా, మన రాష్ట్రంలో దాన్ని విప్పి బిగించగలిగేవాళ్లు ఉన్నారా, విడిభాగాలు ఎన్నాళ్లకు వస్తాయి అని కొనకముందే అడగాలి. నా లెక్కలో ఎలక్ట్రానిక్, మెకానికల్ తగువు కన్నా ఈ ప్రశ్నే పెద్దది.

సాధన గురించి ఒక మాట. పెల్లెట్ లేకుండా తెల్ల గోడ ముందు నిలబడి, సైట్‌లు కదలకుండా ట్రిగ్గర్ విడిపించడాన్ని డ్రై ఫైరింగ్ అంటారు. టార్గెట్ లేదు గనక మనసు స్కోరు మీదికి పోదు, కన్ను ఫ్రంట్ సైట్ మీదే నిలుస్తుంది. పైసా ఖర్చు లేని ఈ సాధన చేసే పిల్లలు, రోజూ డబ్బాలు డబ్బాలు పెల్లెట్లు కాల్చే పిల్లల్ని దాటిపోవడం కోచ్‌లకు కొత్త కాదు. అందుకే కొనే పిస్టల్‌కు డ్రై ఫైరింగ్ సదుపాయం ఉండి తీరాలి.

బరువు దగ్గర పెద్దగా ఆగనవసరం లేదు. ఎయిర్ పిస్టళ్లు కిలోకు కాస్త అటూ ఇటూ ఉంటాయి. అది అరచేతి దగ్గర ఉందా, బ్యారెల్ కొసకు ఉందా అన్నది ముఖ్యం. కొసకు బరువుంటే ఊగడం తగ్గుతుంది, భుజం త్వరగా అలుస్తుంది. చిన్న పిల్లలకు బ్యారెల్ పొట్టిగా ఉండే కాంపాక్ట్ రకాలున్నాయి, వాళ్లకు అవే మేలు. నలభై దాటాక ఈ ఆట మొదలుపెట్టేవాళ్లు కూడా మన నగరాల్లో పెరుగుతున్నారు. వాళ్లకు ముందు కావాల్సింది పిస్టల్ కాదు, కళ్లద్దాలు. చదువుకునే అద్దంతో టార్గెట్ మసక, దూరపు అద్దంతో ఫ్రంట్ సైట్ మసక. స్పష్టంగా కనబడాల్సింది ఫ్రంట్ సైటే, టార్గెట్ మసకగా ఉన్నా ఫర్వాలేదు. కంటి డాక్టర్‌కు ఆ దూరం కొలిచి చెబితే సరైన అద్దం రాసిస్తారు.

పేర్లూ, డబ్బులూ

ప్రపంచ పోటీల్లో ఎక్కువగా కనబడే పేర్లు అయిదారే: ఆస్ట్రియా స్టెయర్, స్విట్జర్లాండ్ మొరీని, జర్మనీ వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, ఇటలీ పార్దీని. వీటి మధ్య నాణ్యతలో తేడా, కొత్త షూటర్ చేతుల మధ్య తేడా ముందు దాదాపు లేనట్టే. పై రకం పిస్టల్ మన దగ్గరికి చేరేసరికి ఉజ్జాయింపుగా లక్షన్నర నుంచి రెండున్నర లక్షల దాకా అవుతుంది. సిలిండర్ నింపే చేతిపంపో, పెద్ద గాలి ట్యాంకో, షూటింగ్ బూట్లు, పెల్లెట్లు, రేంజ్ ఫీజు, పోటీలకు ప్రయాణాలు అదనం. పిల్లలు రాష్ట్ర పోటీలు, ప్రీ నేషనల్స్ దాటి నేషనల్స్‌కు చేరే రెండు మూడేళ్లలో ఈ ‘అదనం’ పిస్టల్ ధరను మించిపోతుంది. ఉన్న డబ్బంతా పిస్టల్‌లోనే పోసి, సాధనకు పెల్లెట్లు లెక్కపెట్టి ఇచ్చే ఇళ్లున్నాయి. పిస్టల్ కొనడానికి రుణం తీసుకునే ముందు ఏడాది సాధన ఖర్చు కాగితం మీద వేసుకుంటే ఆ పరిస్థితి రాదు.

పెల్లెట్లలోనూ ఎంపిక ఉంది. 4.49, 4.50 మిల్లీమీటర్లని తల సైజులు రాసి అమ్ముతారు. పిస్టల్‌ను బిగించి ఒక్కో రకం కాల్చి, రంధ్రాలు ఎంత దగ్గర దగ్గరగా పడ్డాయో చూసి ఎంచుకుంటారు. స్కోరు 550 దాటని షూటర్‌కు ఈ గొడవ అనవసరం. సీసం పట్టుకున్న చేతులు కడుక్కోకుండా టిఫిన్ బాక్స్ తెరవకపోవడమే అంతకన్నా అవసరం.

ఇక .22 పిస్టల్. 25 మీటర్ల పోటీలకు వాడేది ఇదే. దీనికి తూటా ఉంటుంది, మందు ఉంటుంది, కాబట్టి 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ తప్పనిసరి. ట్రిగ్గర్ కనీసం 1,000 గ్రాములు ఉండాలి. మహిళల పోటీలో సగం షాట్లు నిదానంగా, సగం వేగంగా. పురుషుల ర్యాపిడ్ ఫైర్‌లో అయిదు టార్గెట్‌లను 8, 6, ఆఖరికి 4 సెకన్లలో కొట్టాలి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో విజయ్ కుమార్ రజతం గెలిచింది అందులోనే. ఈ ఆయుధానికి తొందరపడేవాళ్లలో చాలామంది ఎయిర్ పిస్టల్‌లో ట్రిగ్గర్ ఇంకా నేర్చుకోనివాళ్లే. పేలుడు చప్పుడుకు కళ్లు మూసుకునే అలవాటు ఒకసారి పట్టుకుంటే వదిలించడం కష్టం. ఎయిర్ పిస్టల్‌లో నిలకడ వచ్చాక, క్లబ్ ఆయుధంతో కోచ్ పక్కనుండగా కొన్నాళ్లు కాల్చాకే లైసెన్స్ దరఖాస్తు గురించి ఆలోచించడం మంచిది. జాతీయ రైఫిల్ సంఘం ‘రినౌన్డ్ షాట్’గా గుర్తించిన షూటర్లకు ఆయుధాలు, తూటాల దిగుమతిలో కొన్ని వెసులుబాట్లున్నాయి. అక్కడికి చేరేదాకా క్లబ్బే దిక్కు.

అంత ఖర్చు పెట్టలేనివాళ్లకు సెకండ్‌హ్యాండ్ మంచి దారి. ఆట మానేసినవాళ్లు, పై మోడల్‌కు మారినవాళ్లు అమ్ముతుంటారు. బాగా చూసుకున్న పాత స్టెయరో, మొరీనో పదేళ్లయినా కొత్తదానిలాగే కాలుస్తుంది. బ్యారెల్, ట్రిగ్గర్ కోచ్‌కు చూపించండి. పిడి మీ చేతికి కుదరకపోతే కొత్త పిడి ఒక్కటే విడిగా తెప్పించుకోవచ్చు, దాని ధర బేరంలో కలుపుకోండి. సిలిండర్ మీద తయారీ తేదీ చెక్కి ఉంటుంది. పదేళ్లు దాటిన సిలిండర్‌ను పోటీల్లో అనుమతించరు. అమ్మేవాళ్లు దాని సంగతి సాధారణంగా ఎత్తరు. డబ్బు చేతిలో పెట్టకముందే ఆ తేదీ చదివి, కొత్త సిలిండర్ ఖరీదు అడిగి తగ్గించండి.